నేల ఎవరి పేరు మీద ఉంది: ఎవర్టన్ క్లబ్ మైదానాల చరిత్ర

ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరంలో స్టాన్లీ పార్క్ అనే పెద్ద పార్కు ఉంది. దానికి ఒక పక్క ఆన్‌ఫీల్డ్, ఇంకో పక్క గుడిసన్ పార్క్. మొదటిది లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ స్టేడియం. రెండోది 2025 మే వరకు ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్ పురుషుల జట్టుది. రెండిటి మధ్య మైలు దూరం కూడా ఉండదు. ఆన్‌ఫీల్డ్ అనగానే అందరికీ లివర్‌పూల్ ఎర్ర జెర్సీలే గుర్తొస్తాయి కానీ, అక్కడ ముందు ఆడింది ఎవర్టన్. ఎనిమిదేళ్లు ఆడింది, లీగ్ టైటిల్ కూడా గెలిచింది. అద్దె దగ్గర గొడవ ముదిరి బయటికి వెళ్లిపోయింది. ఖాళీ పడిన మైదానంలో ఆడించడానికి స్థల యజమాని కొత్తగా ఒక జట్టును తయారు చేసుకున్నాడు. అదే లివర్‌పూల్ ఎఫ్‌సీ.

మైదానాల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా గోల్స్, కేరింతలు, జ్ఞాపకాల వైపు వెళ్తారు. ఎవర్టన్‌కు వాటిలో కొరతేమీ లేదు. కానీ ఈ క్లబ్ ఎప్పుడు ఎందుకు చోటు మారింది, దశాబ్దాల పాటు మారాలనుకుని కూడా ఎందుకు మారలేకపోయింది అన్నది తెలియాలంటే చూడాల్సింది భూమి కాగితాలే. ఆడుతున్న స్థలం ఎవరిది, దానికి అద్దె ఎంత, పక్క స్థలం ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్నలు ఈ క్లబ్ తలరాతను చాలాసార్లు తేల్చాయి.

మొదలైంది 1878లో. సెయింట్ డొమింగో అనే మెథడిస్ట్ చర్చి కుర్రాళ్లు ఎండాకాలం క్రికెట్ ఆడేవాళ్లు, చలికాలం ఖాళీగా ఉండకుండా ఫుట్‌బాల్ మొదలుపెట్టారు. చర్చికి సంబంధం లేనివాళ్లు కూడా చేరుతుండటంతో 1879 నవంబరులో ఆ ప్రాంతం పేరైన ఎవర్టన్‌నే క్లబ్‌కు పెట్టుకున్నారు. ఆడింది స్టాన్లీ పార్కులోనే. గోల్‌పోస్టులు పార్కు కాపలా గదిలో దాచుకుని, మ్యాచ్ రోజున మోసుకొచ్చి పాతుకునేవాళ్లు. పార్కు అందరిదీ కాబట్టి ఎంతమంది వచ్చి చూసినా టికెట్ పెట్టడానికి వీల్లేదు. అప్పట్లో ఏ క్లబ్ అయినా ఎదగాలంటే ముందు కావాల్సింది చుట్టూ కంచె ఉన్న స్థలం. కంచె ఉంటే గేటు, గేటు ఉంటే వసూళ్లు.

1883లో ప్రయరీ రోడ్ పక్కన క్రూయిట్ అనే ఆసామి తన పొలం ఇచ్చాడు. మొదటి మ్యాచ్‌కు గేటు దగ్గర పౌండు కూడా వసూలు కాలేదు. అయితే జనం మెల్లగా పెరిగారు, వాళ్లతో పాటు అరుపులూ పెరిగాయి. ఆ గోల భరించలేక ఒక్క సీజన్ కాగానే ఆయన ఖాళీ చేయమన్నాడు.

ఆన్‌ఫీల్డ్‌లో అద్దెకు

1884లో దొరికిన మూడో చోటే ఆన్‌ఫీల్డ్ రోడ్ స్థలం. అది ఓరెల్ కుటుంబానిది. వాళ్లు పెట్టిన షరతులు చాలా తేలిక: గోడలు బాగుచేసి చూసుకోవాలి, నామమాత్రపు అద్దె కట్టాలి, లేదంటే ఆ మేరకు స్టాన్లీ ఆసుపత్రికి ఓరెల్ పేరున విరాళం ఇవ్వాలి. ఈ ఏర్పాటు కుదిర్చిన పెద్దమనిషి జాన్ హౌల్డింగ్. బీరు తయారీ వ్యాపారి, నగర రాజకీయాల్లో పలుకుబడి ఉన్నవాడు, క్లబ్ అధ్యక్షుడు కూడా. తర్వాతి కాలంలో లివర్‌పూల్ లార్డ్ మేయర్ అయ్యాడు.

1885లో ఆ స్థలాన్ని హౌల్డింగే కొన్నాడు. దాంతో క్లబ్ అధ్యక్షుడే క్లబ్‌కు స్థల యజమాని అయ్యాడు. ఏడాదికి 100 పౌండ్లున్న అద్దె నాలుగైదేళ్లలో 250 పౌండ్లకు చేరింది. ఆటగాళ్లు బట్టలు మార్చుకునేది ఆయన సాండన్ హోటల్లో. మైదానంలో అమ్మే మద్యం కూడా ఆయన కంపెనీదే అయి ఉండాలి. చర్చి నుంచి పుట్టిన క్లబ్ ఇది. మద్యం ముట్టని సభ్యులు అందులో చాలామందే ఉన్నారు. వాళ్లకు ఈ హోటల్ వ్యవహారం మింగుడు పడలేదు. రాజకీయంగానూ రెండు వర్గాలున్నాయి: హౌల్డింగ్ కన్జర్వేటివ్, ఎదురు వర్గంలో ఎక్కువమంది లిబరల్స్. ఈ చీలికకు మద్యం కారణమా, రాజకీయమా, డబ్బా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. ఏ కారణాన్ని ముందు పెట్టినా, స్థలం హౌల్డింగ్ చేతిలో లేకపోయి ఉంటే అది కమిటీ గదిలో సర్దుబాటు అయ్యే తగాదాగానే మిగిలేది.

1888లో ఫుట్‌బాల్ లీగ్ పెట్టిన 12 క్లబ్బుల్లో ఎవర్టన్ ఒకటి. 1891లో మొదటిసారి లీగ్ ఛాంపియన్ అయింది. గేటు వసూళ్లు పెరిగాయి. దీంతో మైదానం విలువ పెరిగింది, ఆ విలువ ఎవరికి చెందాలన్న పేచీ కూడా పెరిగింది. పక్కనే ఉన్న ఓరెల్ స్థలంలో రోడ్డు వేస్తామన్న మాట రావడంతో, లిమిటెడ్ కంపెనీ పెట్టి రెండు స్థలాలూ క్లబ్ చేతే కొనిపించాలని హౌల్డింగ్ ప్రతిపాదించాడు. ఆ కంపెనీలో ఆయనకే మేలు ఎక్కువని సభ్యులు అనుమానించారు. అవతలి పక్షానికి నాయకుడు జార్జ్ మాన్. వృత్తి అకౌంటెంట్, చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. 1892 జనవరిలో జరిగిన సమావేశంలో ఆయన వేరే చోటికి పోదామంటే, ఇంకో మైదానం నీకెక్కడ దొరుకుతుందని ఎవరో కేక వేశారట. నా జేబులోనే ఉందని ఆయన జవాబిచ్చాడని క్లబ్ చరిత్రలో చెప్పుకుంటారు. ఆయన జేబులో ఉన్నది పార్కుకు అవతలి వైపు స్థలం తాలూకు లీజు ఒప్పందం.

సభ్యుల్లో ఎక్కువమంది మాన్ వెనక నడిచారు. హౌల్డింగ్ ఎవర్టన్ పేరు కూడా తనకే దక్కాలని చూశాడు, కానీ అధికార సంఘాలు ఒప్పుకోలేదు. పేరు, లీగ్‌లో చోటు మెజారిటీ సభ్యులకు వెళ్లాయి. ఆయనకు మిగిలింది గోడలు, స్టాండ్లు, ఖాళీ పచ్చిక. అప్పుడే లివర్‌పూల్ ఎఫ్‌సీ పుట్టింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఇంతకన్నా పెద్ద ఫలితం ఇచ్చిన అద్దె గొడవ ఇంకోటి కనిపించదు.

సొంత స్థలం ఇచ్చిన ధైర్యం

కొత్త స్థలాన్ని మీర్ గ్రీన్ అనేవాళ్లు. ఎగుడుదిగుడు నేల, చెత్తాచెదారం. చదును చేయాలి, నీళ్లు నిలవకుండా కాలువలు తవ్వాలి, గోడ కట్టాలి, స్టాండ్లు లేపాలి. కమిటీ సభ్యుడైన డాక్టర్ జేమ్స్ బాక్స్‌టర్ 1,000 పౌండ్లు వడ్డీ లేకుండా అప్పిచ్చాడు. అంతా కలిపి కొద్ది నెలల్లో పూర్తయింది. 1892 ఆగస్టు 24న ఫుట్‌బాల్ అసోసియేషన్ నుంచి లార్డ్ కినైర్డ్ వచ్చి గుడిసన్ పార్క్‌ను ప్రారంభించాడు. ఆ రోజు ఫుట్‌బాల్ లేదు. పరుగు పందేలు, సంగీతం, బాణసంచా మాత్రమే. సెప్టెంబరు 2న బోల్టన్ వాండరర్స్‌తో మొదటి మ్యాచ్ జరిగింది, ఎవర్టన్ 4-2తో గెలిచింది. అప్పటి చాలా మైదానాలు ఏ క్రికెట్ క్లబ్‌దో, పొలమో అయితే కొంత కొంతగా మార్చుకున్నవి. ఫుట్‌బాల్ కోసమే కట్టిన తొలి పెద్ద స్టేడియాల్లో గుడిసన్‌ను చెబుతారు. రెండేళ్లకే దేశంలోని పెద్ద నాకౌట్ టోర్నీ అయిన ఎఫ్‌ఏ కప్ 1894 ఫైనల్ అక్కడ జరిగింది.

1895లో క్లబ్ 8,090 పౌండ్లు పెట్టి ఆ స్థలాన్ని కొనేసింది. ఈ క్లబ్ తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికన్నా విలువైనది బహుశా ఇదే. ఇక అద్దె పెంచేవాళ్లు లేరు, ఖాళీ చేయమనేవాళ్లు లేరు. కట్టిన ప్రతి ఇటుకా సొంత ఆస్తి. ఆ తర్వాతి అరవై ఏళ్లలో గుడిసన్ మిగతా క్లబ్బుల కన్నా ముందుండటానికి మూలం ఇక్కడ ఉంది.

1907లో పార్క్ ఎండ్‌లో రెండంతస్తుల స్టాండ్ వచ్చింది. 1909లో గుడిసన్ రోడ్ వైపు మెయిన్ స్టాండ్, 1926లో బుల్లెన్స్ రోడ్ స్టాండ్, 1938లో గ్లాడిస్ స్ట్రీట్ స్టాండ్. ఈ మూడూ స్కాట్లండ్ ఇంజినీర్ ఆర్చిబాల్డ్ లీచ్ పేరుతో ముడిపడ్డవి. బ్రిటన్‌లోని ఫుట్‌బాల్ మైదానాల్లో సగం ఆయన చేతిలోనే రూపు దిద్దుకున్నాయా అనిపిస్తుంది, అన్ని కట్టాడు. బాల్కనీ ముందు అడ్డంగా కనిపించే ఇంటూ గుర్తుల ఉక్కు అల్లిక ఆయన ముద్ర. బుల్లెన్స్ రోడ్ వైపు, గ్లాడిస్ స్ట్రీట్ వైపు అది ఈనాటికీ ఉంది. 1938 నాటికి నాలుగు వైపులా రెండంతస్తుల స్టాండ్లున్న మొదటి ఇంగ్లిష్ మైదానం గుడిసన్.

చిన్న చిన్న విషయాల్లోనూ ఇదే ఉత్సాహం. స్నేహపూర్వక మ్యాచ్ కోసం స్కాట్లండ్‌లోని ఆబర్డీన్ వెళ్లినప్పుడు, అక్కడ కోచ్ కూర్చోవడానికి నేలలోకి దించి కట్టిన డగౌట్ చూశారు. 1930ల మొదట్లో అలాంటిదే గుడిసన్‌లో కట్టారు. ఇంగ్లండ్‌లో అదే మొదటిది. 1957లో ఫ్లడ్‌లైట్లు. 1958లో దాదాపు 16,000 పౌండ్లతో పిచ్ కింద కరెంటు తీగలు పరిచి, మంచు గడ్డకట్టకుండా నేలను వేడి చేసే ఏర్పాటు. ఇదీ ఇంగ్లండ్‌లో మొదటిదే. మంచు బాగానే కరిగింది. కరిగిన నీళ్లు పోవడానికి కిందున్న పాత డ్రైనేజీ చాలలేదు. 1960లో పిచ్ మొత్తం తవ్వి కొత్త కాలువలు వేయాల్సి వచ్చింది. ఈ పొరపాటును తక్కువ చేసి చూడకూడదు. ముందుగా ప్రయోగం చేసినవాళ్లే ముందుగా దెబ్బ తింటారు. తర్వాత ఇలాంటివి వేసుకున్న క్లబ్బులకు పిచ్ వేడి చేయాలంటే ముందు డ్రైనేజీ చూసుకోవాలని తెలిసింది.

1948 సెప్టెంబరు 18న లివర్‌పూల్‌తో మ్యాచ్‌కు 78,299 మంది వచ్చారు. అదే గుడిసన్ రికార్డు. ఎక్కువమంది నిలబడి చూసే రోజులు కాబట్టి అది సాధ్యమైంది. 1966 ప్రపంచ కప్‌లో ఇక్కడ అయిదు మ్యాచ్‌లు జరిగాయి. పెలే, గరించా ఉన్న బ్రెజిల్ గ్రూప్ మ్యాచ్‌లు మూడూ ఇక్కడే ఆడి, రెండు ఓడి ఇంటికి వెళ్లింది. క్వార్టర్ ఫైనల్లో ఉత్తర కొరియా మీద 0-3తో వెనకబడిన పోర్చుగల్ 5-3తో గెలిచింది కూడా ఇక్కడే. అందులో నాలుగు గోల్స్ యూసేబియోవి. పశ్చిమ జర్మనీ, సోవియట్ యూనియన్ సెమీఫైనల్ కూడా గుడిసన్‌కే దక్కింది.

ఇళ్ల మధ్య ఇరుక్కుని

స్థలం సొంతమే. కానీ ఎంత స్థలం? మూడు వైపులా వీధులు, వాటికి ఆనుకుని వరస ఇళ్లు. నాలుగో మూల సెయింట్ ల్యూక్ చర్చి. ఇది ఎంత దగ్గరంటే, గుడిసన్ రోడ్ స్టాండ్, గ్లాడిస్ స్ట్రీట్ స్టాండ్ కలవాల్సిన మూలలో చర్చి భవనం తొంగిచూస్తూ ఉంటుంది. టీవీలో మ్యాచ్ చూసేవాళ్లకు కూడా అది కనిపించేది. 1938లో గ్లాడిస్ స్ట్రీట్ స్టాండ్ కట్టేటప్పుడు కొన్ని ఇళ్లు కూల్చాల్సి వస్తే, ఒక ముసలాయన ఖాళీ చేయనని భీష్మించడంతో పని ఆలస్యమైందని చెబుతారు. ఊరి మధ్యలో పాత ఇల్లున్న కుటుంబానిది ఇదే పరిస్థితి: పక్కకు జరగడానికి జాగా ఉండదు కాబట్టి పైకి కట్టుకోవాలి. 1971లో లీచ్ మెయిన్ స్టాండ్ తీసేసి మూడంతస్తుల స్టాండ్ కట్టారు. అప్పట్లో దేశంలో అదే పెద్దది.

ఆ తర్వాత గుడిసన్ దాదాపు ఆగిపోయింది. 1989లో షెఫీల్డ్ నగరంలోని హిల్స్‌బరో స్టేడియంలో, నిలబడి చూసే గట్ల మీద జనం నలిగిపోయిన దుర్ఘటన జరిగింది. దాని వల్ల 97 మంది లివర్‌పూల్ అభిమానులు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత వచ్చిన టేలర్ నివేదిక, పెద్ద స్టేడియాల్లో నిలబడి చూసే గట్లు తీసేసి అందరికీ సీట్లు వేయాలంది. ప్రాణాలు కాపాడే నిర్ణయం, తప్పనిసరిగా చేయాల్సిన పని. గుడిసన్ లాంటి ఇరుకు మైదానాలకు మాత్రం దాని అర్థం ప్రేక్షకుల సంఖ్య బాగా తగ్గిపోవడం. 1994లో పార్క్ ఎండ్‌లో ఒకే అంతస్తు కొత్త స్టాండ్ కట్టారు. చివరికి మొత్తం సామర్థ్యం 40 వేల లోపే ఆగింది. అందులోనూ వేల సీట్లకు ముందు ఇనుప స్తంభాలు అడ్డం. పైకప్పు మోసే ఆ స్తంభాలు లీచ్ కాలపు ఇంజినీరింగ్‌కు అవసరం. టికెట్ కొన్నవాడికి గోల్ సగమే కనిపిస్తుంది.

1990ల నుంచి ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో స్టేడియం అంటే సంపాదన. ఓల్డ్ ట్రాఫర్డ్ 70 వేలు దాటింది. ఆర్సెనల్ 2006లో 60 వేల సీట్ల కొత్త స్టేడియానికి మారింది. కంపెనీలకు అద్దెకిచ్చే గదులు, భోజన హాళ్లు, మ్యాచ్ లేని రోజుల్లో కార్యక్రమాలు, వీటన్నిటికీ స్థలం కావాలి. గుడిసన్‌లో అది లేదు. ఒకప్పుడు బలమైన సొంత స్థలం ఇప్పుడు కట్టేసిన తాడు అయింది.

అభిమానులకు ఆ నేలతో ఉన్న బంధం కూడా మామూలుది కాదు. ఒకే లీగ్ సీజన్‌లో 60 గోల్స్ కొట్టిన డిక్సీ డీన్ 1980 మార్చి 1న లివర్‌పూల్‌తో మ్యాచ్ చూస్తూ గుడిసన్‌లోనే కన్నుమూశాడు. చనిపోయాక తమ చితాభస్మం పిచ్ పక్కన పాతిపెట్టమని కోరుకున్న అభిమానులు 800 మందికి పైనే. ఇక చోటు లేక 2004లో క్లబ్ ఆ అభ్యర్థనలు తీసుకోవడం మానేసింది. ఇలాంటి నేలను బిల్డర్‌కు అమ్మేసి వెళ్లిపోవడం ఏ యాజమాన్యానికైనా అంత సులువు కాదు.

ప్రాక్టీస్ ఎక్కడ?

స్టేడియం గురించి వంద పుస్తకాలు వస్తే ప్రాక్టీస్ మైదానం గురించి ఒకటి వస్తుందేమో. ఆటగాడి జీవితంలో మాత్రం లెక్క తారుమారు. స్టేడియంలో ఉండేది వారానికి రెండు గంటలు, మిగతా రోజులన్నీ ట్రైనింగ్ గ్రౌండ్‌లోనే.

పాతకాలంలో ఎవర్టన్ ఆటగాళ్లు గుడిసన్‌లోనే పరుగులు తీసి కసరత్తు చేసేవాళ్లు. 1946 నుంచి నగరంలోని వెస్ట్ డెర్బీ ప్రాంతంలో బెల్‌ఫీల్డ్ అనే మైదానం వాడటం మొదలుపెట్టారు. 1960ల మధ్యలో దాన్ని కొని, ఇండోర్ హాలుతో సహా బాగుచేశారు. ఆ రోజుల్లో దేశంలోని మేలైన ట్రైనింగ్ గ్రౌండ్లలో అదొకటి. 1966లో బ్రెజిల్ జట్టు ప్రాక్టీస్ చేసింది అక్కడే. గుడిసన్ లాగే ఇక్కడా చుట్టూ ఇళ్లే. పెంచడానికి వీల్లేదు. కుర్రాళ్ల అకాడమీకి చోటు చాలక దాన్ని నెదర్టన్‌లో నడిపారు. అంటే వేన్ రూనీ లాంటి కుర్రాడు ఒకచోట పెరిగి, పదహారేళ్లకు పెద్ద జట్టులోకి వచ్చేసరికి ఇంకోచోటికి వెళ్లాలి. 1990ల చివర్లో అకాడమీలకు కొత్త ప్రమాణాలు వచ్చాయి. ఎన్ని పిచ్‌లుండాలి, వైద్య సదుపాయాలేమిటి, పిల్లల చదువుకు ఏర్పాటేమిటి అన్నీ లెక్కలోకి వచ్చాయి. రెండు చోట్లా విడివిడిగా ఇవన్నీ పెట్టడం దండగ ఖర్చు.

అందుకే 2007 అక్టోబరులో నగర శివారు హేల్‌వుడ్‌లో ఫించ్ ఫార్మ్‌కు మారారు. 55 ఎకరాలు, పది ఫుల్ సైజు గ్రాస్ పిచ్‌లు, కృత్రిమ పచ్చిక, ఈత కొలను, జిమ్, వైద్య గదులు. పెద్ద జట్టు, అకాడమీ ఒకే గేటు లోపల. పదేళ్ల పిల్లాడు భోజనానికి వెళ్తూ సీనియర్ ఆటగాళ్లను చూస్తాడు, కోచ్ కిటికీలోంచి అండర్-18 మ్యాచ్ చూడొచ్చు. ఆట పరంగా దీన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

ఆస్తి పరంగా మాత్రం వెనకడుగు. బెల్‌ఫీల్డ్ సొంతం, ఫించ్ ఫార్మ్ లీజు. చేతిలో డబ్బు లేని క్లబ్ కాబట్టి వేరే పెట్టుబడిదారుడి ఆస్తిలో అద్దెకు చేరింది. 2013లో ఆ ఆస్తిని లివర్‌పూల్ నగర కౌన్సిల్ సుమారు 1.3 కోట్ల పౌండ్లకు కొని, క్లబ్ దగ్గర అద్దె వసూలు చేసుకోవడం మొదలుపెట్టింది. ఫించ్ ఫార్మ్ ఉన్నది పక్కనున్న నోస్లీ అనే వేరే కౌన్సిల్ పరిధిలో. సంక్షేమ ఖర్చులు కోసుకుంటున్న రోజుల్లో ఒక నగర కౌన్సిల్ తన హద్దు దాటి ఫుట్‌బాల్ క్లబ్ ప్రాక్టీస్ మైదానం కొనడం మీద విమర్శలు వచ్చాయి. అప్పు మీద కట్టే వడ్డీ కన్నా వచ్చే అద్దె ఎక్కువని కౌన్సిల్ లెక్క చూపించింది. ఆ లెక్క సరైనదే కావచ్చు. కానీ 1895లో సొంత స్థలం కోసం తపించిన క్లబ్ 2013 నాటికి ప్రాక్టీస్‌కు కూడా ఇంకొకరికి అద్దె కట్టే స్థితికి వచ్చిందన్నది బాధ కలిగించే విషయమే. బెల్‌ఫీల్డ్ స్థలంలో ఇప్పుడు ఇళ్లున్నాయి.

మూడు ప్లాన్లు పోయాక రేవు

గుడిసన్ వదలాలన్న ప్రయత్నాలు పాతికేళ్లు నడిచాయి. మొదటిది కింగ్స్ డాక్, నగర నడిబొడ్డున నది ఒడ్డు. ఇంత మంచి చోటు మళ్లీ దొరకదని అప్పుడే అందరికీ తెలుసు. క్లబ్ తన వాటాగా తేవాల్సిన 3 కోట్ల పౌండ్లు సర్దలేక 2003లో అది చేజారింది. అక్కడ తర్వాత ఇండోర్ అరీనా కట్టారు. ఆ డబ్బు ఆ రోజుల్లోనే నలుగురైదుగురు మంచి ఆటగాళ్ల ధర. క్లబ్ చరిత్రలో ఇంత చవగ్గా పోగొట్టుకున్న అవకాశం ఇంకోటి లేదు.

రెండోది కిర్క్‌బీ, టెస్కో సూపర్ మార్కెట్‌తో కలిసి. 2007లో అభిమానుల ఓటింగ్‌లో ఎక్కువమంది సరే అన్నారు, కానీ నగర హద్దు దాటి పోవడం ఇష్టం లేనివాళ్లు గట్టిగా ఉద్యమించారు. 2009 నవంబరులో ప్రభుత్వమే అనుమతి నిరాకరించింది. మూడోది వాల్టన్ హాల్ పార్క్, గుడిసన్‌కు దగ్గర్లోనే. 2016లో దాన్నీ వదిలేశారు.

అదే ఏడాది వ్యాపారవేత్త ఫర్హాద్ మోషిరి క్లబ్‌లో పెద్ద వాటా కొన్నాడు. 2017లో బ్రామ్లీ-మూర్ డాక్ ఎంపికైంది. 1848లో తెరిచిన రేవు అది, ఇంజినీర్ జెస్సీ హార్ట్‌లీ కట్టించింది. లాంకషైర్ బొగ్గు ఓడలకెక్కింది ఇక్కడి నుంచే. స్థలం పీల్ అనే స్థిరాస్తి సంస్థది, ఒప్పందం 200 ఏళ్ల లీజు. హౌల్డింగ్ నాటి ఏటేటా పెరిగే అద్దెకూ దీనికీ పోలిక లేదు. అయినా కాగితం మీద ఇది 1895 నాటి కొనుగోలు కూడా కాదు.

ఇబ్బంది ఇంకోచోట ఉంది. ఆ రేవులు యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంలో భాగం. 2021 ఫిబ్రవరిలో కౌన్సిల్ అనుమతి ఇచ్చింది, జులైలో యునెస్కో లివర్‌పూల్‌ను జాబితాలోంచి తీసేసింది. నది ఒడ్డున వచ్చిన ఇతర కట్టడాలు కూడా కారణమే, 2012 నుంచే నగరం ప్రమాద జాబితాలో ఉంది. కానీ రేవును పూడ్చి స్టేడియం కట్టడాన్ని యునెస్కో సూటిగానే తప్పుపట్టింది. ఇక్కడ రెండు పక్షాలకూ న్యాయం ఉంది. నీళ్లతో ఉన్న రేవు వారసత్వం అన్నది నిజం. ఆ రేవు దశాబ్దాలుగా ఏ పనీ లేకుండా గోడల వెనక పడి ఉందన్నదీ, చుట్టుపక్కల ఉత్తర లివర్‌పూల్ దేశంలోని పేద ప్రాంతాల్లో ఒకటన్నదీ నిజమే. అక్కడి జనానికి బిరుదు కన్నా ఉపాధి ముఖ్యమనిపిస్తే తప్పుపట్టలేం.

ఐరిష్ సముద్రం అడుగు నుంచి తోడిన ఇసుకను 4 లక్షల ఘనపు మీటర్లకు పైగా తెచ్చి రేవు నింపారు. హార్ట్‌లీ కట్టిన రేవు గోడలను పగలగొట్టకుండా ఇసుక కిందే ఉంచారు. 1883 నాటి హైడ్రాలిక్ టవర్‌ను, పాత పట్టాలను, ఓడలు కట్టే గూటాలను కాపాడారు. దక్షిణం వైపు ఒకే వాలులో 13 వేల మంది కూర్చునే నిటారు స్టాండ్ వచ్చింది. స్తంభాలు ఎక్కడా అడ్డం లేవు.

మధ్యలో క్లబ్ దాదాపు కూలిపోయేంత పని అయింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం రాగానే రష్యా వ్యాపారవేత్త అలిషేర్ ఉస్మానోవ్ కంపెనీల స్పాన్సర్‌షిప్ ఆగిపోయింది. కొత్త స్టేడియం పేరు హక్కుల ఆశ కూడా దాంతోనే పోయింది. క్లబ్ ఎంత మేరకు నష్టపోవచ్చో చెప్పే లీగ్ నిబంధన మీరినందుకు 2023-24 సీజన్‌లో మొత్తం 8 పాయింట్లు కోత పడ్డాయి. స్టేడియం కోసం తెచ్చిన అప్పుల వడ్డీని ఎలా లెక్కకట్టాలన్న వివాదం కూడా ఆ కేసులో భాగమే. రెండో డివిజన్‌కు పడిపోతే ఆ అప్పులు తీరే దారి ఉండేది కాదు. 2023 ఆగస్టులో పని చేస్తూ ఒక కార్మికుడు చనిపోయాడు. స్టేడియం ఖర్చు గురించి మాట్లాడేటప్పుడు డబ్బుతో పాటు దాన్నీ తలుచుకోవాలి. 2024 డిసెంబరులో అమెరికాకు చెందిన ఫ్రీడ్‌కిన్ గ్రూప్ క్లబ్‌ను కొన్నాక గాని పరిస్థితి కుదుటపడలేదు.

2025 మే 18న గుడిసన్‌లో పురుషుల జట్టు చివరి మ్యాచ్, సౌతాంప్టన్ మీద 2-0. రెండు గోల్స్ ఇలిమాన్ ఎన్‌డియాయేవి. ఆగస్టు 24న కొత్త స్టేడియంలో బ్రైటన్‌తో మొదటి లీగ్ మ్యాచ్, అదీ 2-0. మొదటి గోల్ మళ్లీ అతనిదే. హిల్ డికిన్సన్ అనే న్యాయ సేవల సంస్థ పేరు పెట్టుకున్న ఈ స్టేడియం సామర్థ్యం 52,769. యూరో 2028 మ్యాచ్‌లు ఇక్కడ జరుగుతాయి. ఇబ్బందల్లా రాకపోకలది. దగ్గరి స్టేషన్ శాండ్‌హిల్స్ చిన్నది, మ్యాచ్ అయ్యాక వేల మంది అక్కడ క్యూ కట్టాల్సిందే.

మహిళల జట్టు చేతికి గుడిసన్

పాత ప్రణాళిక ప్రకారం గుడిసన్ కూల్చేసి ఇళ్లు, వైద్య కేంద్రం, పార్కు కట్టాలి. 2025 మేలో యాజమాన్యం ఆ ఆలోచన పక్కనబెట్టి, స్టేడియాన్ని మహిళల జట్టుకు ఇస్తున్నట్టు ప్రకటించింది. ఈ మొత్తం చరిత్రలో ఇంతకాలం స్థలం లేక తిరిగింది నిజానికి ఆ జట్టే. క్రాస్‌బీలో చిన్న క్లబ్ మైదానం, విడ్నెస్‌లో రగ్బీ స్టేడియం, సౌత్‌పోర్ట్, చివరికి 2020 నుంచి వాల్టన్ హాల్ పార్కులో రెండు వేల పైచిలుకు మందికి సరిపోయే మైదానం.

మహిళల ఫుట్‌బాల్‌కు గుడిసన్ కొత్త కాదు. 1920 డిసెంబరు 26న డిక్ కెర్ లేడీస్, సెయింట్ హెలెన్స్ లేడీస్ మధ్య మ్యాచ్‌కు ఇక్కడికి దాదాపు 53,000 మంది వచ్చారు. లోపల చోటు లేక వేల మంది బయటే ఉండిపోయారు. ఏడాది తిరక్కుండానే ఫుట్‌బాల్ అసోసియేషన్ మహిళల ఆటను అడ్డుకుంది. ఎలాగంటే, తన పరిధిలోని క్లబ్బులేవీ వాళ్లకు మైదానాలు ఇవ్వకూడదని ఆదేశించింది. ఆడొద్దని చెప్పాల్సిన అవసరమే రాలేదు, నేల లేకుండా చేస్తే సరిపోయింది. ఆ నిషేధం అర్ధ శతాబ్దం పాటు సాగింది. 2025-26 సీజన్ నుంచి ఎవర్టన్ మహిళల జట్టు తన లీగ్ మ్యాచ్‌లను అదే గుడిసన్‌లో, సొంత మైదానంగా ఆడుతోంది.